స్ట్రాస్‌బర్గ్ రైల్ రోడ్: ఒక రిటైర్డ్ గూడ్సు గార్డు రివ్యూ

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకి నయాగరా, వాషింగ్టన్, న్యూయార్క్ చూపించడం అయిపోయాక, న్యూజెర్సీ చుట్టుపక్కల ఉండేవాళ్ళు తీసుకెళ్ళే చోట్లలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీ ఒకటి. ఆమిష్ వాళ్ళ (కార్లు లేకుండా పాత పద్ధతిలో బతికే క్రైస్తవుల) గుర్రబ్బళ్ళు, మొక్కజొన్న చేలు, పశువుల కొట్టాలు తిప్పి చూపించి, చివరికి స్ట్రాస్‌బర్గ్‌లో పొగబండి ఎక్కిస్తారు. పిల్లలకి సరదాగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి అని అందరూ చెప్తారు. నిజమే. మా మనవడు బండి దిగనని మారాం చేశాడు, మా ఆవిడ ఫోను ఫొటోలతో నిండిపోయింది. అంతవరకే చెప్పాలంటే ఈ రివ్యూ నేను రాయక్కర్లేదు.

నేను విజయవాడ డివిజన్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాను. బండిలో అందరూ కిటికీలోంచి ఆవులను చూస్తుంటే నేను సైడింగులో (పక్కన వ్యాగన్లు నిలిపే లైనులో) ఆగి ఉన్న హాపర్ వ్యాగన్లు, అంటే అడుగు నుంచి సరుకు దించే వ్యాగన్లు, చూస్తూ కూర్చున్నాను. స్ట్రాస్‌బర్గ్ రైల్ రోడ్ ఇప్పటికీ గూడ్సు నడిపే కంపెనీ మరి. "మామయ్యగారూ, ఆవులు అటువైపున్నాయి" అని మా అల్లుడు రెండు వైపులా చూపిస్తూనే ఉన్నాడు. ఆవులు మా ఊళ్ళో కూడా ఉన్నాయి బాబూ, ఒక్క వ్యాగను కోసం ఇంజను పంపే రైల్వే మా ఊళ్ళో ఇప్పుడు లేదు అన్నాను.

లైను పొడవు నాలుగు మైళ్ళు చిల్లర, అంటే ఆరున్నర కిలోమీటర్లు. మన దగ్గర రెండు స్టేషన్ల మధ్య దూరమే చాలాచోట్ల ఇంతకంటే ఎక్కువ. ఒక కొస స్ట్రాస్‌బర్గ్ ఊరి శివారు, రెండో కొస ప్యారడైజ్ అనే ఊరి పక్కన లీమన్ ప్లేస్. అక్కడ ఈ లైను ఫిలడెల్ఫియా-హారిస్‌బర్గ్ మెయిన్ లైనుకి తగులుతుంది. ఈ కంపెనీ పుట్టిందే ఆ తగలడం కోసం. ఒకప్పుడు స్ట్రాస్‌బర్గ్ పెద్ద సరుకు బళ్ళు తిరిగే రోడ్డు మీద ఊరు. ప్రభుత్వం ఫిలడెల్ఫియా నుంచి అదే రాష్ట్రంలోని కొలంబియా అనే ఊరికి రైలు వేస్తూ దీన్ని పక్కన వదిలేసింది. మెయిన్ లైను తప్పిపోయిన ఊరికి ఏం గతి పడుతుందో మన జిల్లాల్లో చాలా ఊళ్ళకి తెలుసు. ఇక్కడి వర్తకులు అర్జీలతో కాలక్షేపం చెయ్యకుండా, మా ముక్క మేమే వేసుకుని మీ లైనుకి కలుపుకుంటాం అన్నారు. 1832 జూన్ 9న గవర్నరు జార్జ్ వుల్ఫ్ చార్టరు (కంపెనీ అనుమతి పత్రం) మీద సంతకం పెట్టాడు. కంపెనీ ఈరోజుకీ నడుస్తున్నది ఆ చార్టరు మీదే.

1837 నాటికి బండి తిరిగింది, గుర్రాలతో. ఆవిరి ఇంజను 1851లో వచ్చింది, అదీ సెకండ్ హ్యాండుది. పేరు విలియం పెన్. మనవైపు చూస్తే అదే 1837 ప్రాంతంలో మద్రాసు దగ్గర రెడ్ హిల్స్‌లో రాళ్ళు మోసే రైలు వేశారు. తర్వాత 1840ల్లో ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కోసం రాళ్ళు తోలిన లైను. మనుషులను ఎక్కించుకున్న బొంబాయి-థానే బండి 1853లో వచ్చింది. ఏ దేశంలో చూసినా ముందు పుట్టింది గూడ్సే. రిటైరయ్యాక కూడా ప్యాసింజరు గార్డులతో నేను ఈ వాదన వదల్లేదు.

ఈ రైల్వేకి మంచి రోజులంటూ పెద్దగా లేవు. 1871 జనవరిలో డిపో, పిండి మిల్లు, కోతమిల్లు, మిషను షాపు కాలిపోయి 50 వేల డాలర్ల పైన నష్టం. తర్వాత ఊళ్ళోకి ట్రాము వచ్చి ప్యాసింజర్లను పట్టుకుపోయింది, ఆ వెనకే లారీలొచ్చి సరుకుని పట్టుకుపోయాయి. 1918లో జాన్ హోమ్‌షర్ అనే స్టేట్ సెనేటరు కంపెనీని కొన్నాడు. 1926లో 20 టన్నుల ప్లిమత్ పెట్రోలు ఇంజను తెప్పించారు. ఈ కంపెనీ కోసమని ప్రత్యేకంగా తయారైన ఇంజను దాని చరిత్రంతటిలో అదొక్కటే. మిగతావన్నీ వేరేచోట సర్వీసు చేసి వచ్చినవి.

1950లు వచ్చేసరికి తుఫానులకి ట్రాకు పాడైంది, బాగుచేయించే ఓపిక హోమ్‌షర్ వారసులకి లేదు. మూసేస్తామని అర్జీ పెట్టారు. ఆ వార్త విని లాంకాస్టర్‌లో ఉండే హెన్రీ లాంగ్ అనే రైలు పిచ్చి ఉన్న పెద్దమనిషి, తనలాంటి ఇరవై నలుగురిని పోగేసి, ఏడాది పాటు కాగితాల వెంట తిరిగి, 1958 నవంబరు 1న కంపెనీ మొత్తాన్ని 18 వేల డాలర్లకి కొన్నాడు. అప్పటికి ఖాతాదారు ఎంతమందయ్యా అంటే, ఒక్క మిల్లు. సరిగ్గా వారానికి, నవంబరు 8న, ఆ మిల్లుకి ఒక వ్యాగను చేర్చారు. టూరిస్టుల బండి మొదలైంది 1959 జనవరి 4న. మొదటి వ్యాగను తర్వాతే మొదటి ప్యాసింజరు. గూడ్సు మనిషిగా నాకు ఈ కంపెనీ మీద గౌరవం ఈ రెండు తేదీలతో వచ్చింది. రైళ్ళ మీద మోజున్నవాళ్ళు లైను కొంటే ముందు తాము ఎక్కి ఊరేగుతారు. వీళ్ళు ముందు మిల్లువాడి సరుకు దింపారు.

ఇంజన్ల సంగతి. మేం వెళ్ళిన రోజు 90 నంబరు కట్టారు. బాల్డ్విన్ కంపెనీ 1924లో చేసింది, 2-10-0, అంటే లాగే చక్రాలే పది. కొలరాడోలో చక్కెర ఫ్యాక్టరీలకి బీట్ దుంపలు మోసి, 1967లో ఇక్కడికొచ్చింది. 475 నంబరు 1906 నాటిది, నార్ఫోక్ అండ్ వెస్టర్న్ వాళ్ళది. 89 నంబరు 1910లో కెనడాలో తయారైంది. 1960లో అందరికంటే ముందొచ్చిన 31 నంబరు కెనడాలో షంటింగ్ ఇంజను, అంటే యార్డులో వ్యాగన్లు అటూ ఇటూ జరిపేది. గమనించారా, వీటిలో ఎక్స్‌ప్రెస్ కోసం పుట్టింది ఒక్కటీ లేదు. ఆ 90 నంబరు చక్రాలు చూడండి, చిన్నవి, దగ్గరదగ్గరగా ఉంటాయి. వేగం అక్కర్లేదు, బరువు కదిలిస్తే చాలు అనుకుని చేసిన ఇంజను. మా డబ్ల్యూజీ గూడ్సు ఆవిరి ఇంజన్లు గుర్తొచ్చాయి. స్టార్టు చేసేటప్పుడు చక్రం జారకుండా డ్రైవరు రెగ్యులేటరు (ఆవిరి వదిలే పిడి) ఎలా మెల్లగా తీస్తున్నాడో చూడటానికి స్టేషన్ దగ్గర ఇంజను పక్కనే నిలబడ్డాను. బొగ్గు చేత్తోనే వేస్తున్నారు. ఫైర్‌మ్యాన్ ఒక అమ్మాయి. పార నిండా వెయ్యదు, తక్కువ తక్కువగా, ఫైర్‌బాక్స్ మూలలకి అందేట్టు విసురుతోంది. ఆ మూలలకి వెయ్యడమే కష్టం. మా రోజుల్లో కొత్త ఫైర్‌మ్యాన్లు అక్కడే తిట్లు తినేవాళ్ళు.

లోపల చెక్క పెట్టెలు, నున్నగా వార్నిష్ కొట్టి ఉన్నాయి. తరగతులున్నాయి. మామూలు కోచ్, పైన కప్పుండి పక్కలు తెరిచున్న ఓపెన్ కారు, డైనింగ్ కారు, సోఫాలతో పార్లర్ కారు. ఎక్కువ పెడితే ఎక్కువ మెత్తదనం, అంతే. చూడ్డానికి ఓపెన్ కారు మంచిది, వినడానికి కూడా. వీటి మీద ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఇక లీమన్ ప్లేస్. బండి అక్కడిదాకా వెళ్ళి ఆగుతుంది, ఇంజను ముందు కొస నుంచి విడిపోయి వెనక కొసకి వచ్చి తగులుకుంటుంది. కొన్ని నిమిషాల పని. ఆ టైంలో చాలామంది ఫోన్లలోకి పోతారు. దయచేసి పోకండి. బ్రేక్స్‌మ్యాన్ (ఇంజను తగిలించి విడదీసే మనిషి) దిగి, ఇంజనుకీ పెట్టెకీ మధ్య చెయ్యి పెట్టేముందు డ్రైవరుకి చేతితో సైగ చేసి, జవాబు వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. జవాబు వచ్చాకే యాంగిల్ కాక్‌లు (బ్రేకు గాలి గొట్టాల కుళాయిలు) మూసి, కప్లర్ పిన్ను ఎత్తాడు. ఇంజను నాలుగడుగులు కదలగానే హోస్ పైపులు వాటంతటవే ఊడి 'ఠప్' మన్నాయి. పాయింటు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళించే పట్టాలు) చేత్తో తిప్పాడు. తిప్పాక తాళం చూసి, బ్లేడు అంటుకుందో లేదో వంగి చూసి, అప్పుడు ఇంజనుని పిలిచాడు. మా కిటికీ పక్కనుంచే ఇంజను పోయింది, వేడి మొహానికి కొట్టింది. రెండో వైపు తగులుకున్నాక గాలి నిండేదాకా ఆగి, బ్రేకు టెస్టు చేసి, అప్పుడు విజిలు. నలభై అయిదు నిమిషాల టూరిస్టు బండేగా అని ఒక్క మెట్టు కూడా దాటెయ్యలేదు.

వంగి చూడటం ఊరికే కాదు. 2022 నవంబరులో ఇక్కడే, ఇలా ఇంజను మార్చేటప్పుడు పాయింటు సైడింగుకి పడి ఉండి, 475 నంబరు వెళ్ళి అక్కడ ఆపిన ఎక్స్‌కవేటర్‌ని గుద్దింది. ఇంజను ముందుభాగంలో ఉండే స్మోక్‌బాక్స్ తలుపుకి చిల్లు పడింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బండిలో ఉన్నవాళ్ళు తీసిన వీడియో ప్రపంచమంతా తిరిగింది, మా రిటైర్డ్ గార్డుల వాట్సాప్ గ్రూపులో కూడా. పాయింటు ఎక్కడున్నా పాయింటే, ఆరు కిలోమీటర్ల లైనులో అయినా ఆరు వందల కిలోమీటర్ల లైనులో అయినా.

అక్కడ బండి ఆగి ఉండగానే పక్క మెయిన్ లైను మీద ఆమ్‌ట్రాక్ (అమెరికా ప్యాసింజరు రైళ్ళ కంపెనీ) ఎలక్ట్రిక్ బండి ఒకటి పోయింది. ఆ సెక్షన్‌లో గంటకి 110 మైళ్ళ దాకా అనుమతి. చూశానో లేదో అన్నట్టు పోయింది. ఆ లైను ఆమ్‌ట్రాక్‌ది, దాని మీద గూడ్సు నడిపే హక్కు నార్ఫోక్ సదరన్‌ది. ఆ కంపెనీ గూడ్సు బండి వచ్చి స్ట్రాస్‌బర్గ్‌కి రావలసిన వ్యాగన్లను లీమన్ ప్లేస్‌లో విడిచి, వెళ్ళవలసిన ఎంప్టీలను తీసుకుపోతుంది. స్ట్రాస్‌బర్గ్ వాళ్ళు తమ ఇంజనుతో వాటిని సైడింగుకి లాక్కుని, వ్యాగన్లోంచి లారీల్లోకి మార్చి పంపుతారు. ఒక హాపర్ వ్యాగను సరుకు మూడు నాలుగు లారీలకి సరిపోతుంది. మామూలుగా డీజిలుతో నడుపుతారు. ఎప్పుడైనా ఆవిరి ఇంజనుతోనే నిజమైన గూడ్సు లాగిస్తారు, అమెరికాలో ఆ పని చేసేవాళ్ళు అతి తక్కువమంది. నాకు ఆ భాగ్యం కలగలేదు.

వ్యాగన్లు చూసి నేను కాసేపు నోరు తెరిచిన మాట నిజం. అమెరికాలో ఇప్పుడు మామూలు గూడ్సు వ్యాగను మొత్తం బరువు 2,86,000 పౌన్ల దాకా ఉండొచ్చు. అంటే దాదాపు 130 టన్నులు. మన బాక్స్-ఎన్ రకం వ్యాగను మొదట్లో 81 టన్నులు. వాళ్ళ గేజి మనకంటే సన్నం, నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలే. మన ఐదున్నర అడుగుల గేజి కంటే సన్నటి పట్టాల మధ్య ఇంత బరువు! ఇలాంటి చిన్న కంపెనీలు చాలావాటికి అదే పెద్ద తలనొప్పి. పాత లైను, పాత తేలిక పట్టాలు, పాత వంతెనలు. పెద్ద రైల్వే అంతటి వ్యాగను తెచ్చి ఇస్తే, తీసుకోనంటే వ్యాపారం పోతుంది, తీసుకుంటే ట్రాకు పోతుంది. పైగా వ్యాగను పరాయివాళ్ళది అయితే అది తమ లైను మీద ఉన్నన్ని గంటలకీ అద్దె కట్టాలి. సరుకుదారు ఆలస్యం చేస్తే ఆయన నుంచి డెమరేజీ (ఆలస్యపు రుసుము) వసూలు చేసుకోవాలి. మన గూడ్సు క్లర్కులకి, మిల్లు ఓనర్లకి మధ్య నడిచే గొడవలన్నీ ఇక్కడా ఉంటాయన్నమాట, ఇంగ్లీషులో.

ఇప్పుడు అసలు మాట. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మన దగ్గర షంటింగు గూడ్సు ఉండేది. ప్రతి స్టేషన్లో ఆగి, ఇక్కడ రెండు వ్యాగన్లు పెట్టి, అక్కడ ఒకటి తీసుకుని, పగలంతా సెక్షన్‌లో పాకుతూ పోయే బండి. అనకాపల్లిలో బెల్లం, భీమవరంలో బియ్యం, ఎవరికి ఒక్క వ్యాగను కావాలన్నా ఇండెంటు రాసి ఇచ్చేవాడు. 1980ల నుంచి రైల్వే ఆ పద్ధతి తగ్గించి, ఒకే సరుకుతో ఒకే చోటికి పూర్తి రేకులు (విడదీయకుండా నడిపే మొత్తం బండి) నడపడం పెంచింది. యార్డుల్లో వ్యాగన్లు విడదీసి కలపడానికి రోజులు పట్టడం, వ్యాగన్లు ఎక్కడున్నాయో తెలియకపోవడం, ఈ బాధలు నేను చూశాను. మార్చింది సరైనదే, బొగ్గు రేకులు పరిగెత్తింది అందుకే. కానీ ఒక్క వ్యాగను సరుకున్న మనిషి లారీ ఆఫీసుకి వెళ్ళాడు, మళ్ళీ మన గూడ్సు షెడ్డు మొహం చూడలేదు. బిట్రగుంట ఎంత యార్డు, ఎంత లోకో షెడ్డు! ఇప్పుడు ఆ ఊరి మీదుగా ఆగకుండా పోయే బండి గార్డుకి అది ఒక పేరు బోర్డు.

అమెరికాలో కూడా పెద్ద కంపెనీలకి ఒక్క వ్యాగను మనిషి అంటే విసుగే. కాకపోతే 1980లో స్టాగర్స్ చట్టం వచ్చాక, లాభంలేని బ్రాంచి లైను పట్టాలు పీకెయ్యకుండా చిన్న కంపెనీకి అమ్మడమో లీజుకివ్వడమో బాగా పెరిగింది. ఇప్పుడు దేశం మొత్తం మీద దాదాపు 600 షార్ట్ లైన్లు, అంటే ఇలాంటి చిన్న రైల్వే కంపెనీలు, ఉన్నాయి. తక్కువ సిబ్బంది, ఒకే మనిషి పొద్దున ఇంజను నడిపి సాయంత్రం పట్టాల కింది స్లీపర్లు మార్చే పద్ధతి, సరుకుదారు ఫోను చేస్తే ఎత్తే మనిషి. పెద్దవాళ్ళకి దండగ అయిన వ్యాగను వీళ్ళకి లాభం అవుతుంది. స్ట్రాస్‌బర్గ్‌కి ఏటా 3 లక్షల మంది దాకా వచ్చే టూరిస్టులే పెద్ద ఆదాయం, అందులో అనుమానం లేదు. మూడో పని వర్క్‌షాపు. బయటి రైల్వేలవి, మ్యూజియాలవి ఆవిరి ఇంజన్లు, పెట్టెలు ఇక్కడికి తెచ్చి బాగు చేయించుకుంటారు. బాయిలరు రివెట్లు తెలిసిన మనుషులు దేశంలో ఎంతమంది మిగిలారు గనక. మూడు పనుల్లో గూడ్సు చిన్నదే కావచ్చు. అయినా ఒక్క మిల్లు కోసం మళ్ళీ తెరిచిన లైను మీద సైడింగులో ఇంకా వ్యాగన్లు కనపడటం నాకు చాలు. మన దగ్గర కూడా మూసేసిన బ్రాంచీలు, సైడింగులు ఇలా ఎవరైనా పదిమందికి ఇచ్చి చూస్తే పోయేదేమిటో నాకు అర్థం కాదు. నష్టపోతే వాళ్ళే నష్టపోతారు.

తిరుగు ప్రయాణంలో లైను పక్కనే రెడ్ క్యాబూస్ మోటెల్ కనపడుతుంది. 1970 నుంచి ఉంది. క్యాబూస్ అంటే మన బ్రేక్ వ్యాను, గూడ్సు చివర గార్డు కూర్చునే పెట్టె. పాత బ్రేక్ వ్యాన్లను వరసగా నిలబెట్టి, లోపల మంచాలు, బాత్‌రూములు పెట్టి అద్దెకిస్తున్నారు. మా ఆవిడకి చూపించాను. "మీరు సర్వీసంతా జీతం తీసుకుని కూడా నిద్రపోలేని చోట వీళ్ళు డబ్బులిచ్చి పడుకుంటారా" అంది. కుర్చీ కూడా సరిగ్గా లేని, లైటు లేని, ఫ్యాను లేని బ్రేక్ వ్యానులో జూన్ నెలలో గూడూరు లూపులో (వేరే బండికి దారి ఇవ్వడానికి ఆపే పక్క లైనులో) గంటలకొద్దీ కూర్చున్నవాళ్ళెవరైనా ఈ రివ్యూ చదువుతుంటే, వాళ్ళకి ఆ మాట చేరవేస్తున్నాను.

వెళ్ళేవాళ్ళకి పనికొచ్చేవి నాలుగు ముక్కలు. రానూపోనూ నలభై అయిదు నిమిషాలే, అరకు రైల్లాంటి సొరంగాలు, లోయలు ఊహించుకుని వెళ్తే నిరాశ పడతారు. అంతా బల్లపరుపు పొలాలు, గేట్ల దగ్గర ఆగిన గుర్రబ్బళ్ళు. గేటు గేటుకీ రెండు పొడుగు, ఒక పొట్టి, ఒక పొడుగు విజిలు వేస్తారు, పసిపిల్లలుంటే ఇంజను పక్క పెట్టె వద్దు. సీజన్లో గ్రాఫ్స్ గ్రోవ్ దగ్గర దిగి చెట్ల కింద బల్లల మీద తిని, తర్వాతి బండి ఎక్కొచ్చు. మేం పులిహోర, దద్దోజనం పట్టుకెళ్ళాం. రోడ్డుకి అవతలే రైల్‌రోడ్ మ్యూజియం ఆఫ్ పెన్సిల్వేనియా ఉంది, పెద్ద షెడ్డు నిండా ఇంజన్లు. దానికి సగం రోజు వేరే పెట్టుకోండి. ఒకేరోజు రెండూ చుట్టేస్తే మోకాళ్ళు మాట వినవు. పెట్టెల మెట్లు ఎత్తుగా ఉంటాయి, పెద్దవాళ్ళకి ఒక చెయ్యి అందించాలి.

మార్కులు: బండికి అయిదుకి నాలుగున్నర. బ్రేక్స్‌మ్యాన్ షంటింగుకి అయిదుకి అయిదు, దిగేటప్పుడు ఆయనతో ఆ మాట చెప్పి, నేనూ గూడ్సు గార్డునే అంటే, చేతి గ్లవు తీసి మరీ చెయ్యి కలిపాడు. ఆ తగ్గించిన అర మార్కు లైను అంత పొట్టిగా ఉన్నందుకు. గూడ్సు షంటింగు చూడటానికని విడిగా ఒక టికెట్ పెడితే అది కూడా ఇచ్చేస్తాను. అక్టోబరులో ఆకులు రంగు తిరిగే వారాంతాల్లో రద్దీ ఎక్కువట, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ఓపెన్ కారు ఎక్కేటట్టయితే తెల్ల చొక్కా వద్దు, బొగ్గు నలుసులు పడతాయి.